బట్టలు కోసే కత్తెర

నలభై ఎనిమిదేళ్ల వయసులో మా అమ్మ డిగ్రీలో చేరింది. ఓ రోజు కుట్టాల్సిన బట్టలన్నీ పక్కకు నెట్టి, నా పాత అర్థశాస్త్రం పుస్తకం మిషన్ మీద పెట్టుకుని కూర్చుంది. మర్నాడే పరీక్ష.

"కూలి ఎంతో ఎవరు తేలుస్తారన్న ఈ పాఠం కొరుకుడు పడట్లేదు. కాస్త చెప్పరా," అంది.

నాకు ఒళ్లు మండింది. "అదంతా యజమానులు రాయించుకున్న సొల్లు! నా కరపత్రంలో ఉతికి ఆరేశాగా. ఆ పుస్తకం ఆసాంతం చదివాకే ఛీ అనిపించి కాలేజీ మానేశాను. ఈ వయసులో నీకెందుకమ్మా ఆ చెత్త?"

అమ్మ సొరుగులోంచి పెద్ద కత్తెర తీసింది. కాగితం కోస్తే పదును పోతుందని, నా కరపత్రాలకు సైతం ఏనాడూ ఇవ్వని బట్టల కత్తెర అది.

"చింపెయ్, పీడా పోతుంది!" అన్నాను ఉత్సాహంగా.

"చింపడానికి కాదు. అచ్చువాళ్లు మడతలు కోయడం మరిచిపోయినట్టున్నారు. ఇరవయ్యో పేజీ నుంచి చివరిదాకా కాగితాలు అంచుల దగ్గర అతుక్కునే ఉన్నాయి. ఒక్కొక్కటే కోసుకుంటూ ఇక్కడిదాకా వచ్చాను."

కర్రుమంటూ ఇంకో మడత తెగింది. అమ్మ కళ్లజోడు మీదుగా నా వైపు చూసింది.

"నిన్నడగడం నాదే తప్పులే నాన్నా. నువ్వెళ్లి కరపత్రం రాసుకో."