పాత గేమ్ క్యాసెట్

"ఇంగోసారి పెడతా ఉండ్రా ఓబులేసూ," అంది సులోచన. టీవీ ఈసారీ తెల్లగానే ఉండిపోయింది.

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో కళ్లముందే స్నేహితుడు బండ కింద నలిగి చనిపోయిన రోజు నుంచి తమ్ముడు నోరు విప్పలేదు. నెల దాటింది. చిన్నప్పుడు తామిద్దరూ కొట్లాడుకుంటూ ఆడిన గేమ్ క్యాసెట్‌ను వెతికి తెచ్చిందామె. దూదిని స్పిరిట్‌లో ముంచి, క్యాసెట్ అంచునున్న రాగి గీతలను రెండుసార్లు తుడిచింది. అయినా ఆట రాలేదు.

ఓబులేసు గోడవైపు తిరగబోయాడు.

 సులోచన క్యాసెట్ బయటికి లాగి, దుమ్ము పోయేలా గట్టిగా ఊదబోయింది.

అతని చెయ్యి చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఊదద్దక్కా," అన్నాడు. "ఎంగిలి పడితే చిలుము పట్టుకుంటాది. ఈడ... ఈ మూల సరిగా తుడవలేదు నువ్వు."

సులోచన దూది అతని చేతిలో పెట్టింది.