గీత పడకూడదు

“కొనాలా, లీజుకి తీసుకోవాలా? మీరు చదివి చెప్పండి మాస్టారూ,” అన్నారు ఉదయభాస్కర్ గారు.

దేశం మొత్తానికి పాతికే వచ్చిన స్పోర్ట్స్ కారది. డీలరు దాన్ని హైదరాబాద్ నుంచి తెచ్చి, భీమవరం అవతల ఆయన రొయ్యల చెరువుల దగ్గర రోడ్డు మీద నిలబెట్టాడు.

లీజు కాగితాలు చదివి తెలుగులో చెప్పాను. మూడేళ్లయ్యాక కారును ఎలా తీసుకున్నామో అలాగే అప్పజెప్పాలి. గీత పడినా, సీటుకి మరక అంటినా మన ఖర్చుతోనే బాగుచేయించాలి.

ఆయన మొహం చిట్లించారు. “ఛీ, ఇవేం షరతులండీ? వాడుకున్నాక కొత్తదానిలా ఎలా ఉంటుందండీ? ఇచ్చినోడికి ఆ మాత్రం తెలీదా?”

“బండి మాది కదండీ,” అని నసిగాడు డీలరు.

“అదేనండి నేననేది! మనది కానిదాన్ని అంత జాగ్రత్తగా ఎవడు చూసుకుంటాడు? కొనేద్దాం మాస్టారూ.”

“కొనెయ్యండి,” అని కాగితాలు ఆయన చేతిలో పెట్టి, రోడ్డు దాటి నా పొలంలోకి దిగాను.

ఒకప్పుడు వరి పండిన ఈ రెండెకరాలనూ ఐదేళ్లకి లీజుకి తీసుకున్నది ఆయనే. రొయ్యలు పెంచుకుని, నిన్ననే తిరిగిచ్చారు.

చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నాను. ఒట్టి ఉప్పు. కారు వైపు తిరిగి ఉమ్మేశాను.