గోడలోని గురువు

విఠల్రావు వాకింగుకి బయల్దేరబోతూ ఆగిపోయాడు. పదో తరగతి కూతురు మేధకి గోడలోని గురువు, అంటే గోడకి బిగించి ఇంటిల్లిపాది ఫోన్లకీ కలిపిన ఏఐ యంత్రం, సంభావ్యత నేర్పుతోంది. పిల్లలకి బాగా అర్థమవ్వాలని అది లెక్కలన్నీ ఇంట్లోంచే తీస్తుంది మరి.

"షుగరున్న ఒక తండ్రి వారంలో ఏడు రోజులూ వాకింగుకి వెళ్లి, ఐదు రోజులు మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగాడు. ఈరోజు ఆగే సంభావ్యత ఎంత?"

"ఐదు బై ఏడు!" అంది మేధ.

"సున్నా," అంది భార్య సుభాషిణి, అతని బూట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తూ.

"తరవాతి లెక్క. బరువు తగ్గాలని రాత్రి తిండి మానేసిన ఒక తల్లి, సున్నుండల డబ్బా మూత..."

"ఆపండి దాన్ని!" అని అరిచింది సుభాషిణి.

మర్నాడే మొగుడూ పెళ్లాం ఒక్కమాట మీద మనిషి మాస్టారిని కుదిర్చారు. ఆయనకి లెక్కలు అంతంతమాత్రమేనట. కానీ ఆ ఇంటి సంగతులు బొత్తిగా తెలియవు.