వీబీని పూడ్చేయండి

“మే, ఇంగ్లీషులో ఒకటి రాయాల. ఇట్రా,” అని పిలిచాడు డాడీ. ఆయన ల్యాప్‌టాప్‌లో నా బ్లాగ్ తెరిచి ఉంది.

పేరు, ఫొటో లేని ఆ బ్లాగ్ నాదని ఇంట్లో ఎవరికీ తెలీదు. వీబీ లాంటి పాత కంప్యూటర్ లాంగ్వేజ్‌ని ఇంకా పట్టుకుని వేలాడేవాళ్లని అందులో బాగా ఎక్కిరించా. దజీజ్‌లో డాడీ కంపెనీ గోడౌన్ స్టాకంతా ఆయన రాసిన వీబీ ప్రోగ్రాం మీదే నడుస్తుంది. ఆయన స్క్రీన్ చూసి చూసే ఆ జోకులన్నీ రాశా.

“ఇది మా మేనేజర్ పంపించినాడు. కొత్త సిస్టం పెడతారంట. పైథాన్ లాంగ్వేజ్ రాకుంటే నేను ఖలాస్ అంట.”

డాడీ ఉద్యోగం పోతే గల్ఫ్‌లో ఉండనిచ్చే ఇఖామా పోతుంది. దాంతోపాటే అమ్మదీ, నాదీ. నా ట్వెల్త్ మధ్యలోనే అందరం రాయచోటికి వెళ్లిపోవాలి.

“ఎవరు రాశారో తెలుసా డాడీ?” అని అడిగా.

“ఎవుడో పెద్ద తలకాయే. మమ్మల్ని డైనోసార్లు అన్నాడు సూడు. కింద కామెంట్ పెట్టాల, నువ్వు టైపు కొట్టు.”

తిట్లే అనుకున్నా. తిట్టనీ, పడతా అనుకుని కూర్చున్నా.

డాడీ లేచి, అమ్మకి వినపడకుండా తలుపేసి వచ్చాడు.

“రెస్పెక్టెడ్ సార్, మీరు సెప్పింది కరెక్టే. నాకు నలభై ఆరేండ్లు. ఇప్పుడు మొదలుపెట్టినా పైథాన్ వస్తాదా సార్? మీరు నేర్పిస్తారా?”

నేను టైపు కొడుతుంటే స్క్రీన్ వైపు వంగాడు.

“ఆ సార్ అనేది పెద్ద అక్షరాల్లో పెట్టు మే. ఆయనకి కోపం రాకూడదు.”