వీపు తిప్పిన మనిషి

లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే గది. చిట్టి వెక్కి వెక్కి ఏడుస్తోంది. పని నేర్పే మనిషి ఆమెకు వీపు తిప్పి నేలమీద కూర్చున్నాడు.

గాజు తలుపు ఇవతల బెంచీ మీదున్న తల్లికి ఒళ్ళు మండిపోయింది.

అతనంటే ఆమెకు మొదటినుంచీ పడదు. ఉలకడు, పలకడు. పలకరిస్తే గోడకేసి చూస్తాడు. పిల్ల ఎంత బాగా మడిచినా ‘భేష్’ అనడు. మనసులో అతనికి ‘బండరాయి’ అని పేరు పెట్టేసింది.

చిట్టికి పదిహేడేళ్ళు. ఆటిజం. ఎవరైనా ఒక్కసారి గట్టిగా అరిస్తే చాలు, ఇక ఆ చోట జన్మలో అడుగుపెట్టదు. ఇలాంటి పిల్లకి ఒక పనంటూ రాకపోతే తన తర్వాత దిక్కెవరు? నేర్పిద్దామంటే ఈ బండరాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్లని కంటికి రెప్పలా కాచీ కాచీ, రెప్ప వాల్చడమే మరిచిపోయిందా తల్లి.

ఇక ఆగలేక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

“పిల్ల ఏడుస్తుంటే వీపు చూపిస్తావా? నువ్వసలు మనిషివేనా?”

ఆ కేకకి గదంతా అదిరింది.

అతను లేచాడు. సగంలో ఉన్న దుప్పటిని అంచుకి అంచు కలిపి పూర్తిగా మడిచాడు. బయటికి వెళ్ళిపోయాడు.

“చూశావా పొగరు!” అంది తల్లి.

మర్నాడు అతని చోట కొత్తావిడ వచ్చింది. నవ్వుముఖం, తేనెమాట. “రా బంగారం!” అని చేతులు చాచింది.

చిట్టి గుమ్మం దగ్గరే బిగుసుకుపోయింది. ఎంత బతిమాలినా అడుగు పడలేదు. ఆ రోజే కాదు, ఆ వారమంతా అదే తంతు.

తల్లి యజమాని దగ్గరికి పరుగెత్తింది.

“పాతాయన్నే పిలిపించండి బాబూ. రాయో రప్పో, అతనికైతే మా పిల్ల అలవాటుపడింది.”

“మేమూ అడిగాం. రాడమ్మా.”

“ఏడ్చేపిల్లకి వీపు తిప్పితే అడగనా మరి?”

“ఎవరైనా ముఖంలోకి చూస్తే అలాంటి పిల్లలకి ఏడుపు ఇంకా ఎక్కువవుతుందట. అందుకే అటు తిరిగి, తగ్గేదాకా పక్కనే కూర్చుంటాడు.”

తల్లి రెండు చేతులూ జోడించింది.

“కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఒక్కసారి రమ్మనండి.”

“కోపమేం లేదమ్మా అతనికి. ఎవరైనా అరిచిన చోటికి మళ్ళీ రాలేడు, అంతే.”

ఈ మాట ఆమెకు కొత్త కాదు. పిల్ల గురించి అందరికీ తను చెప్పే మాటే. అరిచింది కూడా తనే. చిట్టి గుమ్మం దాటనిది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

యజమాని గాజు తలుపు వైపు చూశాడు.

“వాళ్ళమ్మ పోయాక కూడా ఒక్కడే వండుకుని, ఒక్కడే ఇల్లు నడుపుకుంటున్నాడు. చిట్టి వయసులోనే వచ్చాడమ్మా ఇక్కడికి. మీరు రోజూ కూర్చునే ఆ బెంచీ, అప్పట్లో వాళ్ళమ్మ కోసం వేయించిందే.”