పుట్టింటి గొయ్యి

"బావా, ఆపించు! ముందు ఆ బుల్డోజరు ఆపించు!"

మోకాళ్లదాకా బురదతో మరదలు వచ్చి అడ్డం నిలబడేసరికి పార్కు ఆఫీసరు మొహం కందగడ్డ అయిపోయింది. చుట్టూ పనివాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారు. చూడనీ! తాబేళ్ల మీద పరిశోధన చేసే మనిషికి సిగ్గుపడే తీరిక ఎక్కడిది?

"ఏంటమ్మా ఈ గోల? గోదాముల వెనక కంపు గొయ్యి ఇది. పూడ్చేసి కార్లు పెట్టుకునే జాగా చేస్తున్నాం. మన పార్కు చెరువులో తాబేళ్లని చూడ్డానికి జనం ఎగబడుతున్నారు. నీ తాబేళ్ల కోసమే కదా ఈ తిప్పలన్నీ!"

"ఆ తాబేళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయనుకున్నావ్?"

"చెరువులోవి చెరువులోనే పుడతాయి. ఇంకెక్కడ పుడతాయి?"

"నీ మొహం! చుట్టూ సిమెంటు గట్టు కట్టించావు. గుడ్లు పెట్టుకోడానికి పిడికెడు మట్టైనా ఉందా అక్కడ? పాపం గట్టెక్కి, గీకి గీకి, చివరికి నడిచే దారి మీదే పెట్టేస్తాయి. కాకులు తన్నుకుపోతాయి. ఆ చెరువులో ఒక్క పిల్ల కూడా పుట్టదు బావా."

"మరి అన్నెలా ఉన్నాయి?"

"ఇక్కడివే! ఈ గొయ్యిలో తల్లి తాబేళ్లున్నాయి. ఈ ఒడ్డంతా మెత్తటి మట్టి. గుడ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. వాన పడ్డప్పుడల్లా పిల్లలు ఆ కాలవలో కొట్టుకొచ్చి నీ చెరువులో పడుతున్నాయి. అది అత్తారిల్లు, ఇది పుట్టిల్లు. దీన్ని పూడ్చావంటే, పోను పోను నీ చెరువులో నీళ్లే మిగుల్తాయి."

"పుట్టింటి మహిమ నాకు చెప్పాలా? నెలకోసారి మీ అక్క చూపిస్తూనే ఉంది" అని తన జోకుకి తనే పగలబడి నవ్వాడు బావ.

ఆమెకి నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. ఆ మిషన్ ఇంకో రెండు గజాలు కదిలితే ఒడ్డు ఒడ్డంతా నుజ్జయిపోతుంది.

"నవ్వకు బావా. ఈ తల్లులు పోతే ఇంకంతే."

ఆ కన్నీళ్లకి ఆయన మెత్తబడ్డాడు. చెయ్యెత్తి బుల్డోజరు ఆపించాడు.

"సరే సరే, ఏడవకు. పెద్ద సారుతో నేను మాట్లాడతాను. ఇంతకీ నన్నేం కాపాడమంటావ్?"

"తల్లుల్ని, బావా!"

"నా మీద వదిలెయ్. ఒక్కదానికీ గీత పడనివ్వను, ఒట్టు."

ఇంటికైతే వెళ్లింది గానీ కాలు ఒకచోట నిలవలేదు. బావ మాటిస్తే తప్పడు. అది తెలుసు. అయినా తెల్లారీ తెల్లారకముందే మొహమైనా సరిగ్గా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది.

గొయ్యి పక్కన తడి వలలు, ఖాళీ బుట్టలు. నడుందాకా బురద పూసుకుని బావ, ఇన్నాళ్లలో ఎప్పుడూ లేనంత ఆనందంగా ఎదురొచ్చాడు.

"చూశావా మరదలా! పెద్ద సారు వెంటనే ఒప్పేసుకున్నారు. నేనే దగ్గరుండి మరీ తల్లులన్నింటినీ పట్టించి, చెరువులో వదిలించా. ఇంత మంచి తల్లుల్ని ఈ కంపులో ఉంచుతామా? ఇప్పుడు నీ మనసు కుదుటపడిందా?"

"బావా... గుడ్లు..." అంది. ఒడ్డు వైపు చెయ్యి చూపించింది.

ఆయన అప్పటికే డ్రైవరు వైపు తిరిగి ఉషారుగా చెయ్యి ఊపుతున్నాడు.

"కానివ్వవయ్యా! లోపల ఎవరూ లేరు!"