స్విచ్చి కట్టేసిందెవరు?

"మళ్ళీ కట్టేశారు!"

గావిన్ గోడ మీద స్విచ్చి డబ్బా తెరిచి చూసి, టోపీ తీసి తొడకేసి కొట్టుకున్నాడు. ఆస్ట్రేలియా ఎడారిలోని ఆలిస్ స్ప్రింగ్స్ టౌను నుంచి చీకటితో బయల్దేరి, ఎర్రమట్టి రోడ్డున ఒళ్ళు హూనమయ్యేలా బండి తోలుకొచ్చాడు పాపం.

"వేణ్ణీళ్ళ మిషన్‌కి ఏ రోగమూ లేదు రోండా. ఎవరో పనిగట్టుకుని ఆపేస్తున్నారు. నన్ను పిలిపించడం ఇది మూడోసారి."

రోండా చంకలో పాపని సర్దుకుంటూ తల్లి వైపు చూసింది. టిల్లీ అవ్వ పెరట్లో పాత కట్టెల బాయిలర్ ముందు బాసింపట్టు వేసుక్కూర్చుంది. కొత్త మిషన్ బిగించిన రోజున గావిన్ పీకి అవతల పడేసిన బాయిలరే అది. ఇప్పుడు మళ్ళీ రాళ్ళ మీదికెక్కి, బకెట్లతో నీళ్ళు పోయించుకుని, దర్జాగా పొగ వదులుతోంది.

"అమ్మా, నువ్వేనా?"

"నాకేం తెలుసే. నా పనేదో నేను చేసుకుంటున్నా," అంటూ అవ్వ పుల్లతో బూడిద కదిపింది. లోపల రొట్టె కాలుతోంది.

రోండా మొగుడు సెల్విన్ టొయోటా బండి పక్కన అత్తకి వీపు తిప్పి కూర్చుని, అప్పటికే ఒక రొట్టె నములుతున్నాడు. "మీ అమ్మగారికి చెప్పు, ఆ పొగ పాపకి పడదని," అన్నాడు.

"అమ్మా, పొగ పాపకి..."

"విన్నాలే. నిన్ను ఆ పొగలోనే పెంచానని మీ ఆయనకి చెప్పు. అరవడానికి నీకు ఊపిరేం తక్కువ కాలేదుగా."

గావిన్‌కి నవ్వొచ్చింది. "ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. తిన్నగా మాట్లాడుకోవచ్చుగా?"

"నీకు ఎన్నిసార్లు చెప్పాలయ్యా?" అంది రోండా. "మా వాళ్ళలో అల్లుడు అత్త మొహం చూడకూడదు, అత్తతో మాట కలపకూడదు. మధ్యలో నా నోరు పడిపోతోంది. ఈ పూటకి ఇక నా వల్ల కాదు. ఏమన్నా ఉంటే కుక్కకి చెప్పుకోండి."

ఇద్దరికీ నడుమ ఎండలో పడుకున్న కుక్క తల ఎత్తి చూసింది. దాని పేరు బుల్లెట్. పరిగెత్తగా ఎవరూ చూడలేదు.

గావిన్ నవ్వాపేసి, పానా చేతిలోకి తీసుకున్నాడు. "చూడు రోండా. ఈ మిషన్ గాలిలో వేడి లాక్కుని, ఇంత కరెంటుతో అన్ని నీళ్ళు కాస్తుంది. పక్క ఊరివాళ్ళు మాకెప్పుడు, మాకెప్పుడని నా ప్రాణం తోడేస్తున్నారు. మీకు వద్దంటే ఇవాళే విప్పి వాళ్ళకి బిగించేస్తా."

మిషన్ వచ్చాకే పాప దగ్గు తగ్గుముఖం పట్టింది. మళ్ళీ రోజూ ఆ పొగ అంటే రోండాకి ఏడుపొచ్చినంత పనయింది.

"వద్దు గావిన్, నీకు పుణ్యముంటుంది! ఇవాళ కూడా మా ఆయన ఉండబట్టి పాపకి స్నానం అయింది. నేను లేచి కుళాయి తిప్పేలోపే కట్టెలు కొట్టుకొచ్చి గుమ్మంలో పడేశాడు."

సెల్విన్ గడ్డానికంటిన బూడిద తుడుచుకున్నాడు.

గావిన్ ఒక్కసారి గాలి పీల్చాడు. రొట్టె వాసన కమ్మగా వస్తోంది. "నాకూ ఓ ముక్క పెట్టవా అవ్వా?"

"కట్టెలు తెచ్చావా?"

"లేదు."

"మరింకేం, నోరు మూసుకో."

"నాకే దిక్కులేదు, నీకు పెడుతుందా?" అంది రోండా. "కట్టెలు తెచ్చినవాళ్ళకే రొట్టె. మిషన్ వచ్చాక కట్టెలూ లేవు, రొట్టే లేదు. అడిగితే కొట్లో బ్రెడ్డు కొనుక్కోమంటుంది."

"ఆ సంగతి తర్వాత. స్విచ్చి ఎవరు కట్టేశారో చెప్తారా, విప్పమంటారా?" గావిన్ పానాని బోల్టుకి తగిలించాడు.

సెల్విన్ నమలడం ఆపి నేల చూపులు చూస్తున్నాడు. టిల్లీ అవ్వ మనవరాలి వంక ఒకసారి చూసింది.

"సరే, నేనే కట్టేశాను. విప్పకు."

"ఎందుకవ్వా?"

"దాని గుర్రుకి నాకు నిద్ర పట్టదు."

"రాత్రిళ్ళు అది తిరగదు. పగలే తిరిగేలా పెట్టాను."

"నేను పగలే పడుకుంటా."

సెల్విన్‌కి రొట్టె గొంతుకి అడ్డం పడింది. రోండా వెళ్ళి వీపు మీద చరిచింది. "అమ్మా, నీకు బుద్ధుందా? మనవరాలి నీళ్ళు ఆపుతావా?" అని అక్కడినుంచే కేకలేసింది.

గావిన్ బండిలోంచి తాళం తెచ్చి స్విచ్చి డబ్బాకి వేశాడు. తాళంచెవి సెల్విన్ చేతిలో పెట్టాడు. "నీ దగ్గరుంచుకో. ఊరి మీటింగులో ఈ మిషన్ కావాల్సిందేనని అందరికంటే గట్టిగా వాదించింది నువ్వే. ఈ ఇంట్లో నేను నమ్మేది నిన్నొక్కడినే."

సెల్విన్ తాళంచెవి వంక చూస్తూ నిలబడ్డాడు. మెడ వంచిన మనిషి మళ్ళీ ఎత్తలేదు.

టిల్లీ అవ్వ బూడిదలోంచి రెండో రొట్టె తీసి, దులిపి, గుడ్డలో చుట్టింది. అల్లుడి వైపు చూడకుండా కుక్క వైపు తిరిగింది.

"బుల్లెట్, ఆ తాళంచెవి పట్టుకున్న మనిషికి చెప్పు," అంది. "రొట్టె తినాలనిపిస్తే పాప నీళ్ళు ఆపక్కర్లేదు, ఊరికే నాలుగు కట్టెలు తెచ్చి పడేస్తే చాలని."